ట్రైలర్‌లో లోకం, ఫోన్‌లో లోకం: ఆన్‌లైన్ ఫాంటసీ ఆటల రూపం ఎందుకు మారుతుంది?

ఒక ఆన్‌లైన్ ఫాంటసీ ఆటను ప్రకటించిన నాటి బొమ్మల్నీ, అది విడుదలైన నాటి బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఆటవేనా అన్న అనుమానం చాలాసార్లు వస్తుంది. అడవి పలచబడి ఉంటుంది. చెట్టు కింద నీడ ఉండదు. రాక్షసుడి ఒంటిమీది పొలుసులు నున్నబడి ఉంటాయి. మసక వెలుతురు ఉన్న చోట ముదురు రంగులు వచ్చి చేరతాయి. ఆడేవాళ్లు దీన్ని మోసం అంటారు. తయారుచేసినవాళ్లు తప్పని సర్దుబాటు అంటారు. ఇది అసలు కళాకారులు తెలిసి తీసుకున్న నిర్ణయమనే విమర్శకులూ ఉన్నారు. ఇరవై ఏళ్లకు పైగా నలుగుతున్న ఈ తగువు ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఒకరు యంత్రం శక్తి గురించి మాట్లాడుతుంటే మరొకరు అభిరుచి గురించి, ఇంకొకరు వినియోగదారుడి హక్కు గురించి మాట్లాడుతున్నారు. మూడూ కలిసి ఒకే వాదనగా చెలామణీ అవుతున్నాయి.

ఖరీదైన కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ల తగువుగానే దీన్ని ఇన్నాళ్లూ రాస్తూ వచ్చారు. బళ్లారి సరిహద్దున, నల్లరేగడి పొలాల నడుమ ఉన్న అనంతపురం జిల్లా విడపనకల్లు నుంచి చూస్తే దాని ఆకారం వేరుగా కనిపిస్తుంది. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడ్డ అనంతపురంలో చాలా ఇళ్లకు ఆటస్థలం ఒక్క చవక ఆండ్రాయిడ్ ఫోనే. ఆట అందంగా ఉందా అన్న మాట తర్వాత, ముందు అది తెరుచుకుంటుందా అన్నదే ప్రశ్న. ఈ సమీక్ష అక్కడి నుంచే బయల్దేరుతుంది. తయారీలో ఆట రూపం మారడాన్ని ఏదో స్వచ్ఛమైన తొలిరూపం నుంచి దిగజారడంగా చూడటం సరికాదని నా అభిప్రాయం. యంత్రం మోయగలిగిన బరువు, ఒకే చోట చేరే జనం, ఒకరినొకరు గుర్తుపట్టాల్సిన అవసరం అనే మూడు ఒత్తిళ్ల మధ్య కుదిరిన ఒడంబడిక అది. ఆ ఒడంబడిక మంచిదో చెడ్డదో తేల్చాలంటే ట్రైలర్‌తో పోల్చి లాభం లేదు. ఎంతమంది ఒకే లోకంలోకి రాగలిగారు, వచ్చినవాళ్లు ఏం చూడగలిగారు అని అడగాలి.

తగువు పెరిగిన తీరు

తొలి ఆటల్లో ఈ ప్రశ్నకు పెద్దగా తావు లేదు. 1997 సెప్టెంబరులో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ పైనుంచి ఏటవాలుగా చూసే చదునైన బొమ్మల లోకం. దాన్నుంచి ఎవరూ కళ్లు చెదిరే వాస్తవికత ఆశించలేదు. 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వచ్చి లెక్క మార్చింది. అది పూర్తి త్రీడీ లోకం. ఆడాలంటే కంప్యూటర్‌లో త్రీడీ గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలి. దృశ్యం ప్రవేశ రుసుముగా మారడం అక్కడ మొదలైంది. 2001 జనవరిలో ఇంగ్లండు నుంచి వచ్చిన రూన్‌స్కేప్ ఆ రుసుము వద్దంది. బ్రౌజరులోనే నడిచింది. భూమి త్రీడీ అయినా దానిమీద తిరిగే మనుషులు చదునైన బొమ్మలే. బొమ్మలు మోటుగా ఉన్నాయని ఎద్దేవా చేసినవాళ్లున్నారు, కానీ పాఠశాల కంప్యూటరు మీద కూడా నడిచే ఆట కావడంతో కుర్రకారు దాన్నే పట్టుకున్నారు.

2004 నవంబరు ఈ చరిత్రలో మలుపు. ఒకే నెలలో రెండు పెద్ద ఆటలు వచ్చాయి. ఎవర్‌క్వెస్ట్ 2 వాస్తవికతను ఎంచుకుంది. రాబోయే ఏళ్లలో వచ్చే యంత్రాలను ఊహించుకుని మరీ అత్యున్నత సెట్టింగులు పెట్టింది. విడుదలైన నాటి మామూలు కంప్యూటర్లు దాని పూర్తి రూపాన్ని మోయలేకపోయాయి. 2001 సెప్టెంబరులో లండన్ ప్రదర్శనలో ప్రకటించి మూడేళ్లు మలిచిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మరో దారి పట్టింది. కాంతినీ నీడనూ యంత్రం లెక్కకట్టే పని తగ్గించి, వాటిని చిత్రకారులే బొమ్మమీద చేత్తో గీశారు. కొండ పక్కన పడే చీకటి, కవచం అంచున మెరిసే గీత అన్నీ టెక్స్చర్‌లోనే ఉన్న రంగులు. అందుకే 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలంది. ఒక ఖండంలో ఎంత దూరం నడిచినా లోడింగ్ తెర అడ్డురాదు. 2010 అక్టోబరు నాటికి ఆ ఆట చందాదారులు కోటీ ఇరవై లక్షలకు చేరారు. ఈ విజయానికి బొమ్మలే కారణమనడం అతిశయోక్తి. ఆట నడక, కథ, అప్పటికే వార్‌క్రాఫ్ట్‌కున్న పేరు అన్నీ కలిశాయి. అయితే బొమ్మలు ఎవరినీ గుమ్మం దగ్గర ఆపలేదన్నది మాత్రం కాదనలేని విషయం.

విడుదలతో మార్పు ఆగలేదు. 2010 డిసెంబరులో అదే ఆట తన పాత ఖండాలను తిరగరాసింది. 2014లో పాత్రల శరీరాలను కొత్తగా మలిచింది. చైనాలో 2007లో మరో రకం మార్పు జరిగింది. అస్థిపంజరాలుగా కనిపించే మృతజీవుల ఎముకలకు అక్కడి నియంత్రణల కోసం మాంసం కప్పారు. ఆన్‌లైన్ ఆటకు తయారీ ముగిసే రోజంటూ లేదని ఇవన్నీ చెబుతున్నాయి. సర్వర్ నడుస్తున్నంత కాలం రూపం మారుతూనే ఉంటుంది. కాబట్టి తయారీలో జరిగిన మార్పు, విడుదల తర్వాత జరిగిన మార్పు అని గీత గీసి ఒకదాన్ని మోసమనీ మరొకదాన్ని సేవ అనీ అనడం ఈ ఆటల విషయంలో కుదరదు.

మూడు వాదాలు

మొదటిది వాస్తవికతా వాదం. ఫాంటసీ లోకాన్ని నమ్మించాలంటే దాని రాయి రాయిలా, నీరు నీరులా ఉండాలంటుంది. కథలో లేనిపోనివి ఎన్ని ఉంటే దృశ్యం అంత గట్టిగా నేలమీద నిలబడాలన్నది దీని తర్కం. దీన్ని తోసిపుచ్చలేం. ఎగిరే డ్రాగను నీడ కింద గడ్డిమీద పాకినప్పుడు కలిగే ఒళ్లు జలదరింపు వేరే దారిలో రాదు. ఈ వాదం బలహీనత అది ఒంటరి ప్రేక్షకుణ్ణి ఊహించుకోవడంలో ఉంది. సినిమాలో కెమెరా ఎటు తిరగాలో దర్శకుడికి తెలుసు. ఒక్కరే ఆడే ఆటలో కూడా తెరమీదికి ఎంతమంది వస్తారో తయారీదారుడు ముందే లెక్క వేసుకోగలడు. ఆన్‌లైన్ ఆటలో సంత మధ్యలో రెండు వందలమంది ఒకేసారి చేరితే, వాళ్లలో ప్రతివాడూ వేర్వేరు కవచం తొడుక్కుంటే, ఆ ఖర్చు ఎంతో ముందుగా చెప్పగలిగేవాడు లేడు.

రెండోది శైలి వాదం. కచ్చితత్వం కన్నా గుర్తింపు ముఖ్యమంటుంది. దీనికి ఎక్కువ బలం ఇచ్చిన ఆధారం ఫాంటసీ ఆట నుంచి రాలేదు. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే కాల్పుల ఆటను 1999 ప్రాంతంలో వాస్తవ సైనికుల రూపంలో చూపించి, 2007లో పూర్తిగా కార్టూను రూపంలో విడుదల చేశారు. ఆ ఏడాదే దాన్ని తయారుచేసిన వాల్వ్ సంస్థ వాళ్లు ఒక సాంకేతిక పత్రంలో తమ కారణాలు వివరించారు. ఆడేవాడికి రంగును బట్టి ఏ జట్టో, ఆకారపు అంచును బట్టి ఏ పాత్రో, ఆ తర్వాత చేతిలో ఏ ఆయుధమో తెలియాలి. అందుకని పాత్రల ఒంటిమీద పాదాల దగ్గర ముదురుగా, ఛాతీ దగ్గర లేతగా రంగు వేశారు. చూపు నేరుగా ఆయుధం ఉన్న చోటికి పోతుంది. రూపం మారడానికి బద్ధకమో ఖర్చో కాక ఆలోచన కారణమైందనడానికి ఇంతకన్నా స్పష్టమైన దాఖలా అరుదు.

ఫాంటసీలో ఇదే తగువు డయాబ్లో 3 దగ్గర భగ్గుమంది. 2008 జూన్‌లో పారిస్‌లో ప్రకటించగానే రంగులు ఎక్కువయ్యాయనీ, జలపాతం దగ్గర ఇంద్రధనుస్సు ఏమిటనీ అభిమానులు గొడవకు దిగారు. వేలమంది సంతకాలతో విజ్ఞాపన పెట్టారు. కొందరు ఆ బొమ్మలనే బూడిదరంగులోకి మార్చి, ఇలా ఉండాలని చూపించారు. తయారీదారుల జవాబు గమనించదగ్గది. ఆ బూడిద బొమ్మలు ఆగి ఉన్న చిత్రంగా బాగుంటాయి, కానీ పాతిక రాక్షసులు ఒక్కుమ్మడిగా మీద పడ్డప్పుడు ఏది దగ్గరగా ఉంది, ఏది దూరంగా ఉందో ఆడేవాడికి తెలియదన్నారు. 2012 మేలో ఆట వచ్చింది. చివరికి ఇంద్రధనుస్సులతో నిండిన ఒక రహస్య స్థలాన్నే అందులో దాచిపెట్టారు. అభిమానుల మాటలో నిజం లేదని కాదు. పాత డయాబ్లోలోని చీకటి ఆ కథకు ప్రాణమే. చిత్రానికి పనికొచ్చే చీకటి ఆటకు పనికిరాకపోవచ్చన్నదే తేలిన సంగతి.

మూడోది మాట నిలబెట్టుకోవాలనే వాదం. దీనికి అభిరుచితో నిమిత్తం లేదు. చూపించింది ఇవ్వాలి, అంతే. ఇందులో తరచూ వినిపించే ఉదాహరణ ద విచర్ 3. అది ఆన్‌లైన్ ఆట కాకపోయినా ఫాంటసీయే. 2013లో చూపిన దృశ్యాలకూ 2015 మేలో చేతికొచ్చిన ఆటకూ తేడా ఉందని ఆడేవాళ్లు నిలదీశారు. తొలి ప్రదర్శనకు వాడిన కాంతి పద్ధతి విశాలమైన లోకమంతటికీ పనిచేయలేదని దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ సహవ్యవస్థాపకుడు మార్సిన్ ఇవిన్‌స్కీ ఒప్పుకున్నారు. నో మ్యాన్స్ స్కై అనే ఆట విషయంలో ఫిర్యాదు బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ దాకా వెళ్లింది. ప్రకటన తప్పుదారి పట్టించలేదని 2016 నవంబరులో ఆ సంస్థ తేల్చింది. చట్టం దగ్గర గెలవడం వేరు, ఆడేవాళ్ల నమ్మకం నిలుపుకోవడం వేరు. ఆ తేడా తెలిసినవాళ్లు ట్రైలర్ల మీద హెచ్చరికలు రాస్తారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకటి తేటపడుతుంది. వాస్తవికతా వాదం ఒక్క చూపును కొలుస్తుంది, శైలి వాదం ఆ చూపు ఎంత త్వరగా పనికొచ్చిందో కొలుస్తుంది, మూడో వాదం ఇవాళ్టి చూపుకూ నిన్నటి చూపుకూ మధ్య దూరాన్ని కొలుస్తుంది. ఆ చూపు ఎందరికి దక్కిందన్న లెక్క మూడింటిలోనూ లేదు.

పూలకుండీ చెప్పిన సాక్ష్యం

ఆ లెక్క ఎంత ముఖ్యమో ఫైనల్ ఫాంటసీ 14 చరిత్ర చెబుతుంది. 2010 సెప్టెంబరు 30న విడుదలైన దాని మొదటి రూపం ఆనాటికి చూడముచ్చటైన ఆటల్లో ఒకటి. ఆడటానికి మాత్రం నరకం. ఆ డిసెంబరులోనే నిర్మాతను మార్చి నవోకి యోషిదాకు పగ్గాలిచ్చారు. ఆయన తర్వాత ఒక సదస్సులో చెప్పిన ఉదాహరణ ఇప్పుడు ఈ రంగంలో అందరి నోటా నానుతోంది. నగరంలో అలంకారానికి పెట్టిన ఒక పూలకుండీ. దానికి వెయ్యి పాలిగన్లు (ఆకారాన్ని కట్టే చిన్న పలకలు), వెలుతురునూ రంగునూ లెక్కగట్టే నూటయాభై వరుసల షేడర్ కోడ్. ఆడేవాడి పాత్రకు కేటాయించిందీ అంతే. మనిషికీ కుండీకీ యంత్రం ఒకే వెల కడుతోందన్నమాట. ఫలితంగా తెరమీద కనిపించే మనుషుల సంఖ్యను కుదించాల్సి వచ్చింది. పదిమంది కలిసి యుద్ధం చేయాల్సిన ఆటలో కుండీ నిలిచి మనిషి మాయమయ్యాడు. మరోవైపు మైదానాల్లో అవే కొండలు, అవే కనుమలు కాపీ కొట్టినట్టు పదేపదే ఎదురయ్యేవి. చిన్న వస్తువు మీద పెట్టిన శ్రద్ధ పెద్ద లోకం మీద పెట్టలేదు.

యోషిదా బృందం ఆటను మరమ్మతు చేసి ఊరుకోలేదు. 2012 నవంబరు 11న పాత సర్వర్లు ఆపేశారు. ఆకాశం నుంచి చంద్రుడు కూలి లోకం అంతమయ్యే దృశ్యాన్ని కథలో భాగం చేశారు. 2013 ఆగస్టు 27న ‘ఎ రెల్మ్ రీబార్న్’ పేరుతో కొత్త ఇంజనుతో మళ్లీ విడుదల చేశారు. కొత్త రూపంలో ఒక్కో వస్తువు తీసుకుని చూస్తే కొన్ని పాతవాటికన్నా సాదాగా ఉన్నాయి. మూడో వాదం కొలతతో చూస్తే అది దిగజారడం కిందే లెక్క. కానీ అదే ఆట ప్లేస్టేషన్ 3 మీద కూడా నడిచింది, తెరమీద జనం నిండారు, మూతపడుతుందనుకున్న లోకం పుష్కరం దాటి నిలిచింది. ఏ వస్తువు ఎంత బరువు మోయాలన్నది తేల్చుకోవడమే ఈ కళలో అసలు నైపుణ్యమని నేననడానికి ఇదే పెద్ద ఆధారం.

ఈ కథకు ఇంకో అంచు ఉంది. 2024 జులైలో ‘డాన్‌ట్రెయిల్’తో అదే ఆట పాత్రల ముఖాలకు, వెలుతురుకు మెరుగులు దిద్దింది. అంతకు ముందే ఏప్రిల్‌లో విడుదల చేసిన పరీక్షా సాఫ్ట్‌వేరులో తమ పాత్రల కళ్లలో వెలుగు పోయిందనీ, ముఖం తమది కాదన్నట్టు ఉందనీ వేలమంది మొత్తుకున్నారు. సంస్థ లోపాలు ఒప్పుకుని సరిచేసిన రూపాన్ని మళ్లీ ఇచ్చింది. సాంకేతికంగా ఇది పైకి వెళ్లే మార్పు. అయినా జనం నొచ్చుకున్నారు. పదేళ్లు చూసుకున్న ముఖం మీద కొత్త పాలిగన్ల సంఖ్యకు అధికారం ఉండదు.

అభ్యంతరాలు

శైలి పేరుతో సంస్థలు పొదుపును కళగా చూపిస్తున్నాయన్నది గట్టి అభ్యంతరం. నిజమే, చేతకానిదాన్ని ఉద్దేశపూర్వకం అనడం సులువు. రెండింటినీ వేరుచేసే పరీక్ష ఒకటుంది. తగ్గించిన చోట ఏం పెరిగిందని అడగాలి. వార్‌క్రాఫ్ట్‌లో యంత్రం లెక్కించే నీడ తగ్గితే చిత్రకారుడి చేయి పెరిగింది, లోడింగ్ తెర పోయింది. ఏమీ పెరగకపోతే అది పొదుపే. చూడముచ్చటైన శైలి ఉన్నంత మాత్రాన ఆట బతకదనడానికీ సాక్ష్యముంది. 2013 ఆగస్టులో ప్రకటించిన ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్ పాత వాస్తవికతను వదిలి కార్టూను ఛాయలున్న రూపం ఎంచుకుంది. పాత అభిమానుల్లో చాలామంది మొహం చిట్లించారు. 2016 మార్చిలో ఆ ఆటనే రద్దు చేశారు.

అన్ని ఆటలూ ఒకేలా తయారవుతున్నాయన్నది ఇంకా బరువైన అభ్యంతరం. గుర్తింపే ధర్మమైతే పెద్ద భుజకవచాలు, నిండు రంగులు, బొద్దు ఆకారాలు ఎక్కడ చూసినా అవే. ఈ అభ్యంతరం దగ్గర నా వాదం కొంత తగ్గాల్సిందే. వార్‌క్రాఫ్ట్ తర్వాత వచ్చిన అనేక ఆటలు దాని కారణాలను వదిలేసి దాని బొమ్మలను మాత్రమే తీసుకున్నాయి. తక్కువ బరువుతో గుర్తింపు సాధించే దారులు వందలున్నాయి. ఒక్క అమెరికన్ స్టూడియో దారే ప్రపంచానికంతటికీ వ్యాకరణమైపోవడం నిజంగా నష్టం. ఆ నష్టం తెలుగువాళ్లకు ఎక్కువ తగులుతుంది.

మన దగ్గరున్న వ్యాకరణం

అనంతపురం సీమకు తెరమీద ఫాంటసీ కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను దగ్గర నుంచి చూస్తే పై చర్చ మొత్తం అందులో కనిపిస్తుంది. మేకతోలును గీకి గీకి వెలుతురు దూరేంత పలచన చేస్తారు. దానిమీద గీత గీసి రెండు వైపులా రంగు వేస్తారు. నగలను మాత్రం గీయరు. సన్నటి ఉలితో తోలుకు వరుస వరుసల చిల్లులు కొడతారు. వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే వడ్డాణం, కిరీటం, కంఠహారం అవుతుంది. ముఖాలు ఎక్కువగా పక్కచూపులో ఉంటాయి, ఎందుకంటే ముక్కు, గడ్డం, మీసం అంచుగీతలోనే తెలియాలి. రాముడి నీలం, రావణుడి పది తలలు, హాస్యగాడు కేతిగాడి వంకర ఆకారం వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా క్షణంలో అందుతాయి. వాల్వ్ పత్రం 2007లో రాసిన సూత్రాలు ఇక్కడ ఎన్ని తరాలుగానో చేతిపనిలో ఉన్నాయి.

ఈ కళ కూడా మారుతూనే వచ్చింది. ఆముదపు దీపాల స్థానంలో పెట్రోమాక్స్, దాని స్థానంలో కరెంటు బల్బు వచ్చాయి. ఆకులు, బెరళ్ల రంగులు పోయి రసాయనిక రంగులు వచ్చాయి. జింకతోలు పోయి మేకతోలు మిగిలింది. దీపం వణుకుతుంటే బొమ్మ ఊపిరి తీసుకున్నట్టుండే గుణం స్థిరమైన బల్బు ముందు తగ్గింది. ఇప్పుడు చాలా కుటుంబాలు లాంప్‌షేడ్ల మీదే బతుకుతున్నాయి. వాన కోసం ఊళ్లో విరాటపర్వం ఆడించే రాత్రులు అరుదయ్యాయి. ఇన్ని మార్పుల్లోనూ అంచుగీత మాత్రం నిలిచింది. రూపంలో ఏది పోయినా ఫరవాలేదు, ఏది పోకూడదు అన్న విచక్షణ అంటే ఇదే. ఆటల తయారీదారులకు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది.

అచ్చులోనూ సినిమాలోనూ ఇదే వరస సాగింది. 1947 జులైలో మొదలైన చందమామలో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన రాజులు, భేతాళులు, రాక్షసులు తెలుగు పిల్లల ఊహకు రూపమిచ్చారు. ఆ పత్రికను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ పేరుతో తీసిన పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో వచ్చాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం కలిసి ఉన్న కొద్దిపాటి పరికరాలతో మాయను నమ్మించాయి. 2015, 2017ల్లో బాహుబలి రెండు భాగాలతో ఆ ఊహ భారీ వాస్తవికత వైపు మళ్లింది. అదే మాహిష్మతి 2017లో బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ చేతిలో ఫోను ఆటగా మారినప్పుడు మళ్లీ బొద్దు కార్టూను బొమ్మలయింది. తెర చిన్నదయింది కాబట్టి బొమ్మ సరళం కావడంలో తప్పు లేదు. సరళం కావడానికి చందమామ దారో, నిమ్మలకుంట దారో ఎదురుగా ఉండగా, అప్పటికే ప్రపంచమంతా అరువు తెచ్చుకున్న దారినే ఎందుకు పట్టాలన్నది నా ప్రశ్న.

హైదరాబాద్‌లో సత్తా లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం తెచ్చింది. దేశంలోని ఆటల తయారీదారుల పెద్ద సదస్సు చాలా ఏళ్లు అక్కడ జరిగింది. విదేశీ సంస్థల ఆటలకు బొమ్మలు చేసిపెట్టే పని చాలా ఉంది. కానీ అలాంటి పనిలో కళాకారుడి చేతికి వచ్చేది అవతలివాళ్ల శైలీ సూత్రాల పుస్తకం. దాన్ని తు.చ. తప్పకుండా పాటించడమే ఉద్యోగం. ఆట రూపం ఎందుకు మారిందో ఆ చేతికి తెలియదు, ఆ నిర్ణయంలో దానికి చోటు లేదు.

ఇంకా తేలనివి

ఒకే ఆటకు రెండు రూపాలుంటే న్యాయం సంగతేమిటి? ఫోన్లో సెట్టింగ్స్ తగ్గించి ఆడేవాడికి దూరాన గడ్డి కనిపించదు. ఖరీదైన ఫోన్లో ఆడేవాడికి గడ్డి దట్టంగా ఉంటుంది, అందులో దాక్కున్న శత్రువు కనిపించడు. అందం ఎక్కువున్నవాడే ఓడిపోతాడు. ఇంకొన్ని ఆటల్లో ఇది తిరగబడుతుంది. చవక ఫోను వేడెక్కి, ఆగి ఆగి నడిచి, యజమానిని ఆటలో చంపిస్తుంది. ఫాంటసీ ఆట కాకపోయినా ఫ్రీ ఫైర్ ఇందులో మంచి సాక్షి. 2021లో మెరుగైన గ్రాఫిక్స్‌తో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ తెచ్చి, తేలిక రూపంలో ఆడేవాళ్లతో అదే పోటీలో ఆడే వీలు కల్పించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించిన యాభైనాలుగు యాప్‌లలో తేలిక రూపం చేరింది, బరువైనది మిగిలింది. నిషేధానికి కారణాలు వేరు. ఫలితం మాత్రం తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల మీద పడింది. విడపనకల్లు లాంటి చోట్ల దృశ్యరూపం అంటే ఇదే. దాన్ని స్టూడియో ఒక్కటే నిర్ణయించదు.

జనం నిజంగా ఏం కోరుకుంటున్నారన్నదీ తేలలేదు. 2013 ఫిబ్రవరిలో రూన్‌స్కేప్‌ను నడిపే జాగెక్స్ సంస్థ ఓటు పెడితే నాలుగు లక్షలమందికి పైగా పాత రూన్‌స్కేప్ కావాలన్నారు. అది తిరిగొచ్చింది. 2018 అక్టోబరులో ఫోన్లలోకీ వచ్చింది. కంప్యూటర్లో ఆడేవాడూ ఫోన్లో ఆడేవాడూ ఒకే సర్వర్లో, ఒకే మోటు బొమ్మలతో కలుస్తారు. నా వాదానికి ఇంతకన్నా అనుకూలమైన ఉదాహరణ దొరకదు. అయితే 2021లో ఒక అభిమాని అదే ఆటకు మెరుగైన వెలుతురు, నీడలు చేర్చే ప్లగిన్ తయారుచేస్తే సంస్థ ముందు ఆపమంది. ఆడేవాళ్లు తిరగబడ్డాక కొన్ని రోజుల్లోనే ఒప్పుకుంది. పాతది కావాలని ఓటేసిన సమాజమే కొత్త వెలుతురు కోసం పోట్లాడింది. ఇందులో వైరుధ్యం లేదని నా అభిప్రాయం. పాత రూపం అందరికీ ప్రవేశం, కొత్త వెలుతురు ఎవరి ఇష్టం వాళ్లది. ప్రవేశాన్ని తగ్గించకుండా ఇష్టాన్ని పెంచగలిగిన పద్ధతికి అభ్యంతరం చెప్పాల్సిన పని లేదు. కాకపోతే అలాంటి పద్ధతి పోటీ ఎక్కువున్న ఆటల్లో పనిచేస్తుందా అన్నది వేరే సంగతి. గడ్డి సమస్య అక్కడ అలాగే ఉంది.

వీటన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చినది భద్రపరచడం. పాత రూన్‌స్కేప్ తిరిగి రాగలిగింది ఎందుకంటే 2007 ఆగస్టు నాటి బ్యాకప్ సంస్థ దగ్గర మిగిలి ఉంది. అది లేకపోతే నాలుగు లక్షల ఓట్లకూ ఫలితం ఉండేది కాదు. ఫైనల్ ఫాంటసీ 14 మొదటి రూపంలోకి ఇప్పుడు సంస్థ సర్వర్ల ద్వారా ఎవరూ అడుగుపెట్టలేరు. ఆ పూలకుండీని చూడాలంటే రికార్డు చేసిన వీడియోలే గతి. విడుదల కాని రూపాల సంగతి ఇంకా కష్టం. వదిలేసిన తొలి గీతలు, మధ్యలో ఆపేసిన శైలి ప్రయోగాలు, ఎందుకు వదిలేశారో చెప్పే చర్చలు గోప్యతా ఒప్పందాల వెనక ఉండిపోతాయి. హైదరాబాద్ స్టూడియోల్లో విదేశీ ఆటల కోసం గీసిన బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. గీసినవాళ్లు వాటిని తమ పనిగా చూపుకోవడానికి కూడా చాలాసార్లు ఒప్పందం అడ్డొస్తుంది. సినిమా స్టోరీబోర్డుల్నీ, పత్రికల్లో వచ్చిన చిత్రకారుల మూలగీతల్నీ సేకరించే అలవాటు మనకు ఆలస్యంగానైనా వచ్చింది. ఆటల విషయంలో అది ఇంకా మొదలు కాలేదు. విడుదలై కొన్నేళ్లు గడిచాక తయారీనాటి రూపాలను ప్రజలకు తెరవాలన్న షరతు రాసుకుంటే చాలు. ప్రభుత్వ ప్రోత్సాహకాలు తీసుకునే స్టూడియోల విషయంలోనైనా అది సాధ్యమే. ఆ షరతు ఎవరు రాయాలి, ఎన్నేళ్ల గడువు పెట్టాలి, విదేశీ సంస్థల సొత్తు మీద అది ఎంతవరకు చెల్లుతుంది అన్నవి ఇంకా తేలాల్సి ఉంది.